కౌంటర్ వెనక గొంతు

కదలకండంటే వినరేం! చెవి పోయిందంటే నన్ననకండి మరి. తువ్వాలు మెడకి చుట్టి, వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఎంతసేపైందనీ? వెనకాల నాలుగు వెంట్రుకలైనా తియ్యలేదు, రేపు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది అన్నానో లేదో, మెడ ఇటు తిప్పి, అటు తిప్పి, "అపాయింట్‌మెంట్ ఎవరికి? ఎవరికి?" అని ఒకటే గోల.

నాకే. ఇంకెవరికి? మీ మోకాలికైతే కాదు. ఆ భాగోతం జరిగిన దగ్గర్నుంచీ మీ మోకాలు ఎవరికీ చూపించుకోవడం లేదుగా మీరు.

చేతికండీ. నా కుడిచేతికి. వేళ్ళు మొద్దుబారుతున్నాయి అన్నానా ఆమధ్య? అన్నానా లేదా? మీరేమన్నారు? "దానికేముంది, డాక్టరుకి ఫోన్ చెయ్యి" అన్నారు. ఆ కిటికీ వెయ్యి అన్నంత తేలిగ్గా అన్నారు. టీవీ మీంచి చూపు కూడా తిప్పలేదు మహానుభావులు.

ఫోన్ చెయ్యడం అంత తేలికైతే మీరే చెయ్యొచ్చుగా? రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం ఇంగ్లీషు మాట్లాడేది మీరా, నేనా? ఆఁ, తెలుసులెండి మీ ఇంగ్లీషు. యస్సు, నో, ఓకే బాస్. ఆ మూడు ముక్కలతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు చూడండి, మీకు దండం పెట్టాలి.

మోకాలికి ఫోన్ చేసిన రోజు ఏం చేశారు? అవతలి పిల్ల ఏదడిగినా యస్, యస్, యస్. మంచి ఊపు మీదున్నారు. పెట్టేశాక నా వైపు చూసి, "చిటికెలో పని" అని మీసం మీద చెయ్యేశారు కూడా. తీరా వెళ్తే ఎక్కడ కూర్చోబెట్టారు మనల్ని? చుట్టూ నెలలు నిండిన ఆడవాళ్ళు! మధ్యలో మీరు, మోకాలు పట్టుకుని! ఆ నర్సు మిమ్మల్ని చూసింది, చేతిలో కాగితం చూసింది, మళ్ళీ మిమ్మల్ని చూసింది. పక్కనావిడైతే పాపం జాలిపడి జరిగి చోటిచ్చింది. ఎన్నో నెల అని అడిగినా యస్ అనే ఉంటారు మీరు.

నవ్వండి, నవ్వండి. నవ్వితే నవ్వారు గానీ భుజాలు కుదపకండి, కత్తెర మీ మెడ దగ్గరే ఉంది.

అప్పట్నుంచీ మనింట్లో ఫోన్ చెయ్యాలంటే నా నెత్తినే పడింది. ఏదొచ్చినా "నువ్వు ఇంగ్లీషు క్లాసుకెళ్తున్నావుగా" అంటారు. వెళ్తున్నాను. కాదనట్లేదు. లైబ్రరీ మేడమీద, చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని మరీ నేర్చుకుంటున్నాను. అయితే ఆ క్లాసులో జరిగిన సంగతొకటి మీకు చెప్పలేదు. చెప్తే నవ్వుతారని. ఇప్పుడు చెప్పక తప్పదు, అది తెలీకపోతే ఇవాళ ఫోన్లో జరిగింది మీ బుర్రకెక్కదు.

మా టీచరమ్మ ఉందా, ఆవిడకి డాక్టరుకి ఫోన్ చేసే పాఠమంటే ప్రాణం. వారం వారం అదే. ఇద్దరిద్దర్ని జత చేస్తుంది. ఒకరి మొహం ఒకరికి కనపడకుండా వీపులు ఆనించి కూర్చోబెడుతుంది. ఒకరు పేషెంటు, ఒకరు రిసెప్షనిస్టు. ఫోన్ లేదుగా, చెయ్యే చెవి దగ్గర పెట్టుకోవాలి. నా జత ఎవరనుకున్నారు? ఆ లారీ డ్రైవరాయన. అదే, దగ్గులాయన. ఆయనకి జబ్బేమీ లేదు, పేషెంటు వేషం ఇస్తే ఎంత బాగా దగ్గుతాడంటే, మొదటిరోజు కింద లైబ్రరీ ఆవిడ మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ పేరు అలా ఉండిపోయింది.

నేను రిసెప్షనిస్టుని. మొదటిరోజునుంచీ నేనే. కాసేపయ్యాక టీచరమ్మ "మారండి, ఇప్పుడు నువ్వు పేషెంటు" అంటుందా, నేను మారనంటే మారను. ఎలా మారతానండీ, మీరే చెప్పండి? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. లేనిపోని జబ్బు ఉందని నోటితో అంటే, వాళ్ళు అటుగా పోతూ తథాస్తు అనేస్తే? నాకు తలనొప్పి, నాకు కడుపునొప్పి, నాకు చెయ్యి బాగోలేదు... ఎందుకొచ్చిన మాటలు? టీచరమ్మకి ఇదంతా ఇంగ్లీషులో ఎలా చెప్పను? దేవతలు, సీలింగు, నో, అన్నాను. ఆవిడ సీలింగు వంక చాలాసేపు చూసింది. మళ్ళీ అడగలేదు.

చూడండి నా ఖర్మ. ఒక్కసారి కూడా నోరు జారలేదు. అయినా వచ్చిందిగా చేతికి.

అలా రిసెప్షనిస్టు మాటలన్నీ నాకు నోటికొచ్చేశాయి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. గుడ్ మార్నింగ్, హౌ కెన్ ఐ హెల్ప్ యూ. పేరేంటి, పుట్టిన తేదీ ఏంటి, ఎప్పట్నుంచి, ఎక్కడ, ప్లీజ్ హోల్డ్. హోల్డ్‌లో పెడితే మ్యూజిక్ వస్తుందిగా, అది కూడా నేనే పాడాలి అంది టీచరమ్మ. టింటిడిడిం టిండిం టిం, అని పాడేదాన్ని. దగ్గులాయన తలూపుతూ వినేవాడు.

ఒక మాట చెప్పనా? నాకు ఆ వేషం ఎంత నచ్చిందో! మన దేశం వదిలి ఈ ఊళ్ళో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఏ కౌంటరు దగ్గరకెళ్ళినా జవాబులు చెప్పేదాన్నే నేను. నీ పేరేంటి, మళ్ళీ చెప్పు, మెల్లగా చెప్పు, అక్షరాలు చెప్పు. వాళ్ళు అడగడం, నేను నీళ్ళు నమలడం. ఆ ఒక్కచోటే నేను అడిగేదాన్ని, ఇంకొకరు నీళ్ళు నమిలేవాళ్ళు. నీ గొంతు కౌంటర్ వెనక గొంతు అంది టీచరమ్మ. ఇంటికొచ్చి ఆ పూట మీమీద కూడా కాస్త అధికారం చెలాయించాను, మీరు గమనించలేదు.

తల వంచండి. ఇంకాస్త. అలా ఉండండి, కదలకండి.

సరే, ఇవాళ. ఇంకెన్నాళ్ళు వాయిదా వేస్తాను? పొద్దున బస్సులో కూర్చుని పేషెంటు మాటలు కూడబలుక్కున్నాను. ఐ వాంట్ అపాయింట్‌మెంట్. మై హ్యాండ్ ఈజ్ నాట్ గుడ్. మనసులోనే అనుకున్నాను లెండి, పెదాలు కదపలేదు. షాపుకెళ్ళాక కుట్టు మిషన్ మీద పనంతా పక్కకి నెట్టి, వెనక గదిలోకెళ్ళాను. అదే, పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లన్నీ వేలాడదీస్తామే, అక్కడ. ఆ ప్యాంట్ల మధ్యలో దూరి నిలబడి ఫోన్ కొట్టాను. కాసేపు మ్యూజిక్ వచ్చింది. నిజం చెప్పొద్దూ, నేను పాడేదే బావుంటుంది.

టక్కున ఆగింది. ఒకమ్మాయి గొంతు. "గుడ్ మార్నింగ్, హౌ కెన్ ఐ హెల్ప్ యూ?"

అయ్యో రామా! అది నా డైలాగు! నా డైలాగు ఆవిడ చెప్పేసింది! ఇంక నేనేం చెప్పాలి? బస్సులో కూడబలుక్కున్న ముక్కలన్నీ ఎటు పోయాయో పోయాయి. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "పేషెంటు పేరు చెప్పండి. పుట్టిన తేదీ చెప్పండి" అన్నాను. ఆవిడతో! శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా, ఎంత దర్జాగా అన్నానంటే, మీరు వినాల్సింది.

"మీరెక్కడ్నుంచి మాట్లాడుతున్నారు?" అంది.

"రిసెప్షన్ నుంచి" అన్నాను.

మరేమనాలండీ? ప్యాంట్ల మధ్యనుంచి అనాలా? ఆవిడేమనుకుందంటే, నేను ఇంకో క్లినిక్‌లో రిసెప్షనిస్టుని, పేషెంటుని వాళ్ళ డాక్టరు దగ్గరికి పంపించడానికి ఫోన్ చేశాను అనుకుంది. "ఓ, పేషెంటుని మా దగ్గరికి పంపిస్తున్నారా?" అంది. నేనేమన్నాను? మీ పెళ్ళాన్నేగా. యస్ అన్నాను.

అంతే! ఆ పిల్ల గొంతే మారిపోయింది. అప్పటిదాకా ఇస్త్రీ చేసినట్టుందా, ఒక్కసారిగా నలిగి మామూలు మనిషి గొంతైపోయింది. "మీ దగ్గర కూడా ఇవాళ ఇలాగే ఉందా? పొద్దున్నుంచి టీ తాగడానిక్కూడా తీరిక లేదు" అంది. "నాకూ అంతే" అన్నాను. అబద్ధమేం కాదుగా. "ఈ పేషెంట్లున్నారే, అసలు సంగతి చివరిదాకా చెప్పరు" అంది. "అబ్బో, మా పేషెంటైతే మరీనూ" అన్నాను. ఇద్దరం కలిసి నన్ను చెడామడా తిట్టామంటే నమ్మండి.

తర్వాత, "సరే చెప్పండి, మీ పేషెంటుకి ఏంటి బాధ?" అంది.

చెప్పానండీ. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. నా గురించి ఒక్క ముక్క చెప్పలేనిదాన్ని, ఆవిడ గురించి గడగడా చెప్పేశాను. ముక్కలు ముక్కలుగానే అనుకోండి, అయినా ఆగలేదు. ఒక లేడీ. టైలరు. కుడిచెయ్యి. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు, నిద్రపోతున్నాయి. సూది దిగినా ఆవిడకి తెలీదు. గుడ్డమీద రక్తం కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది అన్నాను.

ఏంటి? అవునండీ. నిజమే. ఒకాయన తెల్లచొక్కా కాలరు మీద మరకైతే, మా ఓనరమ్మ చూసేలోపు ఉమ్మితో రుద్ది, కడిగి, ఇస్త్రీ చేసి ఇచ్చేశాను. మీకు చెప్పలేదు. ఉండండి, లేవకండి. చెప్తున్నాగా.

పొద్దున్నే గుండీలు పెట్టుకోలేకపోతోంది అని కూడా చెప్పాను. అందుకేగా ఆ గుండీల స్వెట్టరు మానేసి, తలమీంచి వేసుకునేది వేసుకుంటున్నాను. మీరేమో "ఈ రంగు నీకు బావుందోయ్" అన్నారు. ఏం చెప్పను మీకు? మీకిష్టమైన కప్పు పగిలిందే, సబ్బు చేత్తో పట్టుకుంటే జారింది అన్నాను కదా. సబ్బూ లేదు, పాడూ లేదు. పొడిచేత్తోనే పట్టుకున్నాను.

"ఇంట్లోవాళ్ళకి తెలుసా?" అనడిగింది ఆ పిల్ల. "తెలీదు, పేషెంటు చెప్పదు, మొండిఘటం" అన్నాను. "ఎందుకు చెప్పదు?" అంది.

ఇది మా పాఠంలో లేదండీ. దగ్గులాయన్ని నేనెప్పుడూ ఎందుకు అని అడగలేదు.

భయం అన్నాను. మరి భయం కాక? ఈ ఊళ్ళో నా పేరు ఎవరి నోరూ తిరగదు. మా ఓనరమ్మకే తిరగదు. కానీ కొట్లోకొచ్చిన ప్రతివాళ్ళూ ఏమంటారు? "ఆ సన్నగా కుట్టే ఆవిడ ఉందా?" అంటారు. అదే నా పేరిక్కడ. ఆ చెయ్యి కాస్తా పోతే నన్నేమని పిలుస్తారు? డాక్టరు చూసి, మిషన్ మానెయ్యి అంటే? ఇదంతా ఇంగ్లీషులో నాకెక్కడొస్తుంది, "షీ ఈజ్ హర్ హ్యాండ్" అన్నాను. అది ఇంగ్లీషో కాదో తెలీదు. ఆ పిల్లకి మాత్రం అర్థమైంది.

ఇంతా చెప్పించుకుని ఏమందో తెలుసా? "పేషెంటుకి వచ్చే నెలాఖరున ఇవ్వగలను" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పేషెంటునైతే థ్యాంక్యూ థ్యాంక్యూ అని పెట్టేసి, ప్యాంట్లలో మొహం దాచుకుని ఏడ్చేదాన్ని. కానీ నేను పేషెంటుని కాదుగా, రిసెప్షనిస్టుని! "ప్లీజ్ హోల్డ్" అన్నాను.

అవునండీ! ఆసుపత్రిని హోల్డ్‌లో పెట్టాను!

పెట్టానే గానీ మ్యూజిక్కేదీ? పాడాను. టింటిడిడిం టిండిం టిం. కళ్ళు మూసుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, మొత్తం పాడాను. కళ్ళు తెరిస్తే రెండు ప్యాంట్ల మధ్యనుంచి మా ఓనరమ్మ తల! నోట్లో గుండుసూదులు పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తోంది. చెయ్యూపి పొమ్మన్నాను. వెళ్ళిపోయింది, పాపం. ఓనరమ్మనే పొమ్మన్నానంటే అప్పుడు నా అధికారం ఏ స్థాయిలో ఉందో చూసుకోండి.

మా పాఠంలో హోల్డ్ అయిపోగానే ఒకటే మాట ఉంటుంది. ఎప్పుడూ మారదు. అదే అన్నాను. "థ్యాంక్యూ ఫర్ వెయిటింగ్. రేపు పొద్దున ఖాళీ ఉంది. మీకు వీలవుతుందా?"

ఆ పిల్ల నవ్వింది. వెక్కిరింతగా కాదు. టకటకా ఏదో కొట్టిన చప్పుడైంది. "నిజమే, రేపు పొద్దున ఒకాయన రావట్లేదని ఇందాకే చెప్పాడు. ఆ టైము మీ పేషెంటుకి రాసేస్తున్నా. ఆవిడ ఫోన్ నంబరు చెప్పండి" అంది.

నంబరు నాకు చక్కగా వచ్చు. ఒక్కొక్క అంకె ముత్యంలా చెప్పాను. "మేడమ్, మీరు ఫోన్ చేస్తున్నది ఇదే నంబరు నుంచి కదా" అంది.

దొరికిపోయాను. పెట్టేద్దామా అనుకున్నాను. పెడితే రేపటిది పోతుంది. ప్యాంట్ల వెనక మా కొట్లో ఇస్త్రీపెట్టె బుస్సుమంటోంది, అదొక్కటే చప్పుడు. ఇంక చీవాట్లే అనుకున్నాను.

తిట్టలేదండీ. గొంతు తగ్గించి, మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి, నాకర్థమయ్యేట్టు చెప్పింది. "మీ పేషెంటుకి చెప్పండి. కాస్త ముందే రమ్మనండి. కౌంటర్లో నేనే ఉంటాను. ఇంట్లోవాళ్ళని ఎవర్నైనా తోడు తెచ్చుకోమనండి. భయపడొద్దనండి. బాగైపోతుంది అనండి."

నాకు ఇంగ్లీషు రాలేదు. ఇంగ్లీషేంటి, ఏడుపొచ్చింది. "తథాస్తు" అన్నాను.

ఆ పిల్లకేం అర్థమైందో ఏమో, "యూ టూ" అంది.

అదండీ జరిగింది. ఇప్పుడు చెప్పండి, ఇంకా ఎవరికి అపాయింట్‌మెంట్ అని అడుగుతారా?

కళ్ళలో వెంట్రుక పడిందా? తువ్వాలుతో తుడుచుకోండి. ఊదనా? వద్దా? సరే.

వినండి, రేపటికి నాకో చిక్కుంది. రేపు కౌంటరుకి ఇవతల నిలబడాలి. ఆ మాటలు నాకు అలవాటు లేదు. అందుకని ఇప్పుడు మీరు రిసెప్షనిస్టు. అవునండీ, మీరే. గుడ్ మార్నింగ్ అనండి. అలా కాదు, ఓకే బాస్ అన్నట్టు కాదు. కాస్త దర్జాగా అనండి. వెనక్కి తిరక్కండి, మీ వీపు నావైపు అలాగే ఉండాలి, మొహాలు కనపడకూడదు, అదీ పాఠం. ఊఁ. బాధేంటి అనడగండి.

నాకు...

ఉండండి, మళ్ళీ అడగండి.

నా చెయ్యి బాగోలేదండీ. కుడిచెయ్యి. నాకు భయంగా ఉంది.

అనేశాను. పైన ఎవరు తిరుగుతుంటే తిరగనీ. లేనిది అంటే భయం గానీ, ఉన్నది అంటే వాళ్ళు మాత్రం కొత్తగా ఏమిస్తారు? రేపు ఆ డాక్టరు ఏమంటే అదే. మానెయ్యమంటే... ఏమో, అప్పుడు చూద్దాం. మీరొస్తారుగా? ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రానని చెప్పండి. ఆ మూడు ముక్కల్లో నో ఉందిగా, అది చాలు.

వస్తారా? సరే అయితే. వచ్చేటప్పుడు టోపీ పెట్టుకుని రండి.

ఎందుకంటే... అద్దం అడక్కండి ఇప్పుడే. ఇందాకట్నుంచీ కదలకండి, కదలకండి అని మీమీద అరుస్తున్నానే, మొదట్లో కాస్త కదిలారే గానీ, తర్వాత మీరసలు కదల్లేదండీ. రాయిలా కూర్చున్నారు. కదిలింది నా చెయ్యే.